అంతర్జాతీయ న్యాయం: పునాదులు, మూలసూత్రాలు, ఓరుగల్లు సాక్ష్యాలు

రాజ్యాలు తమలో తాము ఎలా నడుచుకోవాలి, పరాయి దేశస్థులను ఎలా చూడాలి, యుద్ధంలోనూ వర్తకంలోనూ ఏ హద్దులు దాటకూడదు అన్నవాటిని నిర్ణయించే నియమాల సముదాయమే అంతర్జాతీయ న్యాయం. దేశంలో అయితే శాసనసభ చట్టం చేస్తుంది, పోలీసులు అమలు చేస్తారు, కోర్టు తీర్పు చెబుతుంది. దేశాల మధ్య అలాంటి శాసనసభ లేదు, అందరిమీదా చెల్లే పోలీసు బలగం లేదు. హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది కానీ, ఉభయ పక్షాలూ ఒప్పుకుంటేనే అది విచారణ చేపడుతుంది. కాబట్టి ఈ న్యాయానికి పునాది సమ్మతి. బలమున్నవాడు తన బలానికి తానే హద్దు గీసుకుని, ఆ మాటను పదిమంది ఎదుట చెప్పి, దానికి కట్టుబడడం మీదనే ఇదంతా నిలబడి ఉంది.

పాఠ్యపుస్తకాలు ఈ చరిత్రను 1625లో వెలువడిన హ్యూగో గ్రోషియస్ గ్రంథంతోనో, 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధితోనో మొదలుపెడతాయి. యూరప్ రాజుల తగాదాల్లోంచి పుట్టిన శాస్త్రమని, మనం దాన్ని వలస పాలనతో పాటు అందుకున్నామని చదివేవారికి అనిపిస్తుంది. ఆ అభిప్రాయం సగమే సరైనది. ఇప్పటి సంస్థలు, పరిభాష అక్కడివే. ఆ సంస్థలు కాపాడవలసిన సూత్రాలు మాత్రం ఓరుగల్లు (నేటి వరంగల్) రాజ్యంలో రాతిమీద చెక్కి ఉన్నాయి. అవి నిలబడిన సందర్భాలూ, కూలిపోయిన సందర్భాలూ వరంగల్ చరిత్రలోనే దొరుకుతాయి.

మోటుపల్లి అభయ శాసనం

ఓరుగల్లు సముద్రానికి దూరం. దాన్ని రాజధానిగా చేసుకుని ఏలిన కాకతీయుల రాజ్యం తూర్పు తీరానికి విస్తరించాక వారికి ముఖ్యమైన రేవు మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. ఇక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం ఉంది. సంస్కృతంలోనూ తెలుగులోనూ సాగే ఈ శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనంగా వ్యవహరిస్తారు. ఓరుగల్లు నుంచి వెలువడిన అతి ముఖ్యమైన న్యాయపత్రం ఏదని అడిగితే ఈ శాసనాన్నే చూపించాలి.

అందులో ఉన్న విషయం ఇది. వెనకటి రాజులు, ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాల వంటి సరుకంతా బలవంతంగా లాక్కునేవారు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువని తలచి సముద్రయానానికి తెగించిన వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం గణపతిదేవుడు ఆ హక్కును వదులుకున్నాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఎగుమతులకూ దిగుమతులకూ ఆ సుంకం ముప్పయ్యో వంతు. తర్వాత తెలుగు భాగంలో గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, పగడాలు, మిరియాల వంటి సరుకుల మీద వసూలు చేసే మొత్తాలు విడివిడిగా ఉన్నాయి.

ఈ శాసనంలో నాలుగు సంగతులను నేటి న్యాయవాది వెంటనే గుర్తుపడతాడు. మొదటిది, ఈ అభయం పరాయివారికి ఇచ్చినది. అన్ని దీవులకూ దేశాలకూ పట్టణాలకూ వచ్చిపోయే ఓడవర్తకులను ఉద్దేశించినది. వర్తకుడి మతమేదో, రాజెవరో అడిగే షరతు అందులో లేదు. రెండోది, రాజుకు రాబడి తెచ్చే ఒక పాత హక్కును రాజే రద్దు చేసుకున్నాడు. మూడోది, సుంకం ఎంతో ముందే చెప్పాడు. రేవు అధికారి ఇష్టారాజ్యంగా వసూలు చేసే వీలు లేకుండా రేటు అందరికీ కనబడే చోట ఉంది. నాలుగోది, రాయి మీద చెక్కించడంతో ఆ మాట బహిరంగమైంది. దాన్ని దాటితే లోకానికి తెలిసిపోతుంది.

అదే కాలంలో మిగతా ప్రపంచం ఎక్కడుందో చూస్తే దీని విలువ ఇంకా తెలుస్తుంది. యూరప్ తీరాల్లో పగిలిన ఓడ ఆ తీరపు ప్రభువుదే అన్న ఆచారం చాలాకాలం సాగింది. 1179లో మూడో లాటరన్ మహాసభ, ఓడ మునిగిన క్రైస్తవులను దోచుకునేవారిని మతం నుంచి వెలివేస్తామని హెచ్చరించింది. ఆ రక్షణ పేర్కొన్నది క్రైస్తవులనే. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం, పగిలిన ఓడలోంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొమ్ముగా లెక్కకట్టకూడదని, సొంతదారు కోసం ఏడాదీ ఒక రోజూ భద్రపరచాలని చెప్పింది. ఓడలో ఎవరూ బతకకపోతే సరుకు రాజుదే. గణపతిదేవుడి శాసనం అంతకు మూడు దశాబ్దాల ముందుది, అంతకన్నా ఉదారమైనది.

ఈ మాట రాతి మీదే మిగిలిందా, నిజంగా నడిచిందా? దాదాపు అర్ధశతాబ్ది తర్వాత మార్కోపోలో ఈ ప్రాంతాన్ని ముత్ఫిలి పేరుతో వర్ణించాడు. దాన్ని ఏలుతున్న రాణి న్యాయంగా పాలిస్తోందని, ఇక్కడి వజ్రాలూ సన్నని వస్త్రాలూ మేలైనవని రాశాడు. ఆ రాణి రుద్రమదేవే అన్నది చరిత్రకారుల అభిప్రాయం. తండ్రి మాట కూతురి కాలంలోనూ రేవును బతికించిందనడానికి ఇది మంచి సాక్ష్యం.

ఇక దీని న్యాయ స్వభావం. ఇది ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం కాదు, ఏకపక్ష ప్రకటన. ఒకే రాజ్యం ఇచ్చిన మాట ఆ రాజ్యాన్ని కట్టిపడేస్తుందా అన్న ప్రశ్న అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు 1974లో వచ్చింది. పసిఫిక్ సముద్రంపై గాలిలో అణు పరీక్షలు ఇక జరపబోమని ఫ్రాన్స్ పెద్దలు బహిరంగంగా చెప్పారు. కట్టుబడే ఉద్దేశంతో, అందరికీ తెలిసేలా చేసిన ప్రకటన ఆ రాజ్యాన్ని బంధిస్తుందని, దానికి ఆధారం సద్భావమని న్యాయస్థానం తేల్చింది. మోటుపల్లి స్తంభం మీది మాటకు ఉన్న లక్షణాలు కూడా అవే.

ఆచారం ఎలా చట్టమవుతుంది

అంతర్జాతీయ న్యాయస్థానం శాసనపత్రంలోని 38వ అధికరణం ఈ న్యాయానికి మూలాలను చెబుతుంది. ఒడంబడికలు, చట్టంగా అంగీకారం పొందిన ఆచారం, నాగరిక జాతులు ఒప్పుకున్న సాధారణ సూత్రాలు ప్రధానమైనవి. న్యాయస్థానాల తీర్పులు, పండితుల రచనలు సహాయక ఆధారాలు. వీటిలో అర్థం చేసుకోవడానికి కష్టమైనది ఆచారం. రాజ్యాలు ఒకే పని మళ్లీమళ్లీ చేస్తే చాలదు. అలా చేయడం తమ బాధ్యత అన్న నమ్మకంతో చేయాలి. 1969లో ఉత్తర సముద్ర ఖండతీరపు అంచు కేసులో న్యాయస్థానం ఈ రెండు షరతులనూ గట్టిగా చెప్పింది.

కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. మోటుపల్లి రేవు కొండవీటి రెడ్డిరాజుల చేతికి వచ్చింది. 1358లో అనపోతారెడ్డి అదే ఊళ్లో మరో శాసనం వేయించాడు. రేవులో స్థిరపడ దలచిన వర్తకులకు ఆదరణ, వెళ్లిపోదలచినవారిని ఆపబోమన్న హామీ, సరుకు ఇష్టమైనవారికి అమ్ముకునే స్వేచ్ఛ అందులో ఉన్నాయి. రాజవంశం మారింది, అభయం మారలేదు. పదహారో శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో, తుఫాను వల్లనో జబ్బు వల్లనో అలసట వల్లనో తన రేవుల్లో దిగిన పరదేశీ నావికులను వారి వారి దేశాలకు తగినట్టు ఆదరించడం రాజు విధి అని చెప్పాడు. గణపతిదేవుడు దయగా ఇచ్చినది రాయల నాటికి విధిగా మారింది. దయ విధిగా మారడమే ఆచారం చట్టంగా మారడం. ఈ మూడు శతాబ్దాల వరుస తెలుగు తీరంలో ఒక సముద్ర న్యాయాచారం పెరిగిందనడానికి చాలినంత ఆధారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వర్తకుల వైపు నుంచి కూడా నియమాలు పుట్టాయి. స్వదేశీ, పరదేశీ, నానాదేశీ శ్రేణులకు కట్టుబాట్లు, సమయాలు, పన్నుల మీద మాట చెప్పే హక్కు ఉండేవి. ఓరుగల్లు మట్టెవాడ ప్రాంతంలో దొరికిన ఖాన్‌సాహెబ్ తోట శాసనం అంగడిలోని సరుకుల మీద సుంకాలను వివరిస్తుంది. తీరంలో రాజు చెప్పినదీ, రాజధాని అంగట్లో వర్తకులు ఒప్పుకున్నదీ కలిస్తేనే సరుకు ఓడ దిగి ఓరుగల్లు చేరేది.

1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన పోలిష్ పండితుడు సి.హెచ్. అలెగ్జాండ్రోవిచ్ ఈ దృష్టితోనే చరిత్రను తిరగరాశాడు. పదహారు నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఆసియా రాజ్యాలు యూరప్ రాజ్యాలతో సమానస్థాయిలో సంధులు చేసుకున్నాయని, స్వేచ్ఛా సముద్రం గురించి గ్రోషియస్ 1609లో చేసిన వాదనకు హిందూ మహాసముద్రపు ఆచారం బలమిచ్చిందని ఆయన 1967 నాటి గ్రంథంలో వాదించాడు.

బలవంతపు సంధి, సరిహద్దు సంధి

ఒడంబడికల న్యాయానికి మూలసూత్రం ఒకటే: చేసుకున్న ఒప్పందాన్ని సద్భావంతో పాటించాలి. 1969 వియన్నా ఒప్పందం 26వ అధికరణంలో దీన్ని రాసుకుంది. భారత్ ఆ ఒప్పందంలో సభ్యదేశం కాదు. అయినా ఆచార న్యాయాన్ని ప్రతిబింబించేవిగా దానిలోని సూత్రాలను మన సుప్రీంకోర్టు 2011లో పరిగణనలోకి తీసుకుంది.

అయితే ప్రతి ఒప్పందమూ ఒప్పందమేనా? 1310 తొలినాళ్లలో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించాడు. మట్టికోట పడిపోయి, రాతికోట చుట్టూ ఉచ్చు బిగిశాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. అపార ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి, ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. ఆ కప్పం ఆగినప్పుడల్లా ఢిల్లీ సేనలు మళ్లీ వచ్చాయి. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఖైదీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది.

ఆనాటి న్యాయంలో గెలిచినవాడు రాయించుకున్న సంధి చెల్లుతుంది. ఇరవయ్యో శతాబ్దం దాకా యూరప్‌లోనూ అంతే. 1928 పారిస్ ఒప్పందం యుద్ధాన్ని రాజనీతి సాధనంగా వదులుకోమంది. 1945 ఐక్యరాజ్య సమితి చార్టర్ 2వ అధికరణం నాలుగో ఖండం బలప్రయోగాన్నీ, దాని బెదిరింపునూ నిషేధించింది. ఆ వెనుకే వియన్నా ఒప్పందం 52వ అధికరణం, చార్టర్‌కు విరుద్ధంగా బలప్రయోగంతోనో బెదిరింపుతోనో కుదిర్చిన సంధి చెల్లదని ప్రకటించింది. కోట గోడ కింద రాయించుకున్న కప్పపు పత్రం నేటి న్యాయంలో చెల్లదు. అంతర్జాతీయ న్యాయం గత వందేళ్లలో వేసిన అతిపెద్ద అడుగు ఇదే.

సరిహద్దుల సంగతి వేరు. ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి తెలుగువారి చేతికి తెచ్చాడు. 1360లలో బహమనీ సుల్తాన్ మహమ్మద్ షాతో యుద్ధాల తర్వాత సంధి కుదిరింది. గోల్కొండ ఉభయ రాజ్యాలకూ హద్దు అయిందని, తన వారసులు కూడా ఆ హద్దు దాటరాదని సుల్తాన్ రాసిచ్చాడని ఫెరిష్తా చరిత్ర చెబుతుంది. ప్రసిద్ధమైన ఫిరోజా సింహాసనం బహమనీలకు చేరిందీ ఆ సందర్భంలోనే. తర్వాత కొన్నేళ్లకే కాపయ హతుడయ్యాడు, ఓరుగల్లు రేచర్ల వెలమల చేతికి పోయింది, 1425 ప్రాంతంలో అహ్మద్ షా బహమనీ దాన్ని కలుపుకున్నాడు. పాలకులు మారితే పాత సరిహద్దు మాట పోతుందా? పోదన్నదే నేటి సూత్రం. ప్రభుత్వం మారినా, రాజ్యమే చీలినా, వలస పాలన అంతరించినా సంధితో ఏర్పడిన సరిహద్దు నిలుస్తుంది. పరిస్థితులు మారాయన్న సాకుతో కూడా దాన్ని కాదనకూడదు. ఇది లేకపోతే 1947 తర్వాత ఆసియాలోనూ, 1960ల తర్వాత ఆఫ్రికాలోనూ ప్రతి హద్దూ యుద్ధానికి దారితీసేది.

రాజ్యం అంటే ఏమిటి: భద్రతా మండలిలో హైదరాబాద్

1933 మాంటెవిడియో ఒప్పందం రాజ్యానికి నాలుగు లక్షణాలు చెప్పింది: స్థిరమైన జనాభా, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకునే సామర్థ్యం. నాలుగో లక్షణం దగ్గరే నిజాం ఏలిన హైదరాబాద్ రాజ్యపు కథ చిక్కుపడింది. వరంగల్ ఆ రాజ్యంలో ఒక సుబా.

నిజాం 1766లో ఉత్తర సర్కారుల విషయమై ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నప్పుడు సమానుడిగానే సంతకం పెట్టాడు. 1798, 1800 నాటి సైన్య సహకార సంధులతో విదేశీ వ్యవహారాలు కంపెనీకి వెళ్లాయి. బేరార్ ప్రాంతాన్ని తిరిగి ఇవ్వమని ఏడో నిజాం అడిగినప్పుడు వైస్రాయ్ లార్డ్ రీడింగ్ 1926 మార్చి 27న రాసిన లేఖలో, భారతదేశంలో బ్రిటిష్ కిరీటానిదే సర్వాధికారమని, ఏ సంస్థానాధీశుడూ సమానస్థాయిలో చర్చకు దిగలేడని తేల్చిచెప్పాడు. 1947 ఆగస్టు 15న ఆ సర్వాధికారం అంతరించింది. అది ఎవరికి చేరిందన్నదే ప్రశ్న. తనకే తిరిగి వచ్చిందని నిజాం అన్నాడు. భూగోళమూ ప్రజల ఆకాంక్షా భారత్‌తోనే ముడిపడి ఉన్నాయని ఢిల్లీ అంది. 1947 నవంబరు 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. ఉభయులూ ఎదుటివారే దాన్ని ఉల్లంఘించారని ఆరోపించుకున్నారు.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా తనకు సంబంధించిన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చన్న 35వ అధికరణం రెండో ఖండమే దానికి ఆధారం. ఫిర్యాదు వెళ్లిన ఆరు రోజులకు, ఆగస్టు 27న, వరంగల్ ప్రాంతంలోని బైరాన్‌పల్లి మీద నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడి గ్రామస్థులను వరసపెట్టి కాల్చి చంపారు. సార్వభౌమత్వం పేరుతో న్యాయం అడుగుతున్న ప్రభుత్వం తన ప్రజల పట్ల చేస్తున్నది ఇది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చదవకుండా హైదరాబాద్ కేసును న్యాయశాస్త్ర సమస్యగా మాత్రమే చర్చించడం సరికాదు.

సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించాయి. 16న పారిస్‌లో సమావేశమైన మండలి ఎనిమిది ఓట్లతో అంశాన్ని చర్చకు తీసుకుంది. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ ఓటు వేయలేదు. హైదరాబాద్ పక్షాన మొయిన్ నవాజ్ జంగ్, భారత్ పక్షాన రామస్వామి ముదలియార్ వాదించారు. హైదరాబాద్ రాజ్యమే కాదని, కాబట్టి మండలి ముందుకు వచ్చే అర్హత దానికి లేదని ముదలియార్ వాదించాడు. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. 1949 మేలో మరోసారి చర్చ జరిగింది. మండలి ఏ తీర్మానమూ చేయలేదు.

ఇక్కడ రెండు మూలసూత్రాలు ఢీకొన్నాయి. ఒకటి, అంతర్గత వ్యవహారాల్లో జోక్యం కూడదన్న చార్టర్ 2వ అధికరణం ఏడో ఖండం. రెండోది, ప్రజల స్వయంనిర్ణయాధికారం. పాలకుడి సార్వభౌమత్వం ప్రజల నుంచి వస్తుందని ఒప్పుకుంటే, సాయుధ రైతాంగం, స్టేట్ కాంగ్రెస్, ఊరూరా నిలబడిన సామాన్యులు అప్పటికే తమ తీర్పు చెప్పారు. కానీ న్యాయం ఎవరి పక్షాన ఉన్నా ఆ తర్వాత జరిగిన దాన్ని దాచకూడదు. సైనిక చర్య వెనుక ముస్లింల మీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అదే 1948లో, అదే పారిస్‌లో, డిసెంబరు 9న జాతి నిర్మూలన నిషేధ ఒప్పందానికీ, 10న విశ్వ మానవ హక్కుల ప్రకటనకూ సమితి ఆమోదం తెలిపింది. రాజ్యం తన సొంత ప్రజల పట్ల ఎలా నడుచుకున్నా అది లోకానికి సంబంధించిన విషయమేనన్న సూత్రం అలా చట్టరూపం దాల్చడం మొదలైంది.

రాజ్యాన్ని కోర్టుకు ఈడ్చవచ్చా: నిజాం సొమ్ము

సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబరు 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న పది లక్షల పౌండ్లకు పైబడిన నిజాం ప్రభుత్వ సొమ్ము పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా ఖాతాలోకి వెళ్లింది. నిజాం దాన్ని తిరిగి ఇప్పించమని దావా వేశాడు. ఒక సార్వభౌమ రాజ్యాన్ని మరో రాజ్యపు కోర్టు విచారించరాదన్న సూత్రం అడ్డొచ్చింది. 1957లో బ్రిటిష్ ప్రభువుల సభ పాకిస్తాన్‌కు ఆ రక్షణ ఉందని తీర్పు చెప్పింది. సొమ్ము బ్యాంకులోనే స్తంభించిపోయింది. 2013లో పాకిస్తాన్ తానే దావాకు దిగడంతో ఆ రక్షణ తొలగింది. 2019 అక్టోబరు 2న న్యాయమూర్తి మార్కస్ స్మిత్ భారత్‌కూ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు ఇచ్చాడు. అప్పటికి ఆ మొత్తం దాదాపు 3.5 కోట్ల పౌండ్లు. సార్వభౌమ రక్షణ అన్నది రాజ్యం కోరుకుంటే కప్పుకునేది, తానే కోర్టు మెట్లెక్కితే జారిపోయేది అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

లక్నేపల్లి నుంచి మాంటెగో బే దాకా

వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడే, 1982 డిసెంబరు 10న, మాంటెగో బేలో భారత్ సముద్ర న్యాయ ఒప్పందం మీద సంతకం చేసింది. ఆయన ప్రధానిగా ఉన్నప్పుడు 1995 జూన్ 29న దాన్ని ధ్రువీకరించింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలం దాని వల్లే స్థిరపడ్డాయి. ఆపదలో ఉన్న నావికులను రక్షించడం ప్రతి ఓడ కెప్టెన్ బాధ్యత అని 98వ అధికరణం చెబుతుంది.

ఆయన హయాంలోనే 1992లో బాలల హక్కుల ఒప్పందంలో, 1993లో స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందంలో భారత్ చేరింది. ఇవి మన చట్టంలోకి ఎలా వచ్చాయన్నది తెలుసుకోదగినది. రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ న్యాయాన్ని గౌరవించమంటుంది. 253వ అధికరణం ఒప్పందాల అమలుకు చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. కేంద్రం సంతకం పెట్టినంత మాత్రాన పౌరుల హక్కులు మారవు, చట్టం కావాలి. కానీ చట్టంలో ఖాళీ ఉన్నప్పుడు కోర్టులు ఒప్పందాన్ని ఆసరా చేసుకోవచ్చు. 1997 విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు అదే చేసింది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులకు చట్టమే లేని రోజుల్లో, 1993 ధ్రువీకరణను ఆధారం చేసుకుని మార్గదర్శకాలు జారీ చేసింది. పార్లమెంటు 2013లో చట్టం చేసింది.

1993 సెప్టెంబరు 7న, పి.వి. బీజింగ్ పర్యటనలో, వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం చైనాతో ఒప్పందం కుదిరింది. బలప్రయోగం చేయబోమని, బెదిరించబోమని ఉభయులూ మాట ఇచ్చారు. 1996 ఒప్పందం రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులను నిషేధించింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తుపాకులు పేలకుండానే 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో దళాధిపతి, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఒప్పందంలోని ఒక నియమం నిలిచింది, అసలు మాట కూలింది. సద్భావం లేని చోట అక్షరం ఎంతవరకు కాపాడుతుందో ఆ రాత్రి తెలిసింది.

రామప్ప: అందరి వారసత్వం

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన, రామప్ప గుడిగా పేరొందిన రుద్రేశ్వరాలయం 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1972 ప్రపంచ వారసత్వ ఒప్పందంలో భారత్ 1977లో చేరింది. ఆలయం మీద సార్వభౌమాధికారం భారత్‌దే. అయినా దాన్ని కాపాడడం మొత్తం మానవాళి పట్ల భారత్ మోసే బాధ్యత అయింది. సార్వభౌమత్వాన్ని తగ్గించకుండానే దానికి బాధ్యతను జోడించడం ఈ న్యాయంలోని కొత్త దశ. చుట్టుపక్కల నిర్మాణాలు, తవ్వకాలు, చెరువు నీటి మట్టం ఇప్పుడు ప్రపంచ వారసత్వ కమిటీకి కూడా జవాబు చెప్పవలసిన విషయాలు.

అమలు

పోలీసు లేని చట్టం చట్టమేనా అన్నది పాత ప్రశ్న. భద్రతా మండలిలో అయిదు దేశాల వీటో ఉన్నంతకాలం బలవంతుల ముందు ఇది తలవంచుతూనే ఉంటుందన్న విమర్శలో నిజముంది. హైదరాబాద్ నుంచి నేటి యుద్ధాల దాకా అందుకు సాక్ష్యాలే. మరోవైపు తపాలా, విమానాలు, రేవులు, రాయబారుల రక్షణ, వర్తకం వంటివి ప్రతిరోజూ ఈ నియమాల మీదే సాగుతున్నాయి. అవి సాగుతున్నాయి కాబట్టే మనం గమనించం. గమనించేది ఉల్లంఘననే.

అలా కంటపడకుండా పనిచేసే నియమానికి ఒక ఉదాహరణ చూద్దాం. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో చేపల వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ బలగాలకు చిక్కి కరాచీ జైలుకు చేరారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. వారిని జైలు చీకట్లో కనుమరుగు కాకుండా కాపాడింది 2008 నాటి భారత్, పాక్ కాన్సులర్ సంప్రదింపుల ఒప్పందం. దాని ప్రకారం ఉభయులూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. ఉద్రిక్తతలు పెరిగినా, రాయబారులు వెనక్కి పోయినా ఆ జాబితాలు అందుతూనే ఉన్నాయి.

తన దేశ అధికారులను సంప్రదించే ఇలాంటి హక్కు గల్ఫ్‌కు పోయే మనవాళ్లకూ ఉంది. 1963 వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం 36వ అధికరణం ప్రకారం పరాయి దేశంలో పట్టుబడిన వ్యక్తి తన దేశ కాన్సులర్ కార్యాలయానికి కబురు పెట్టమని అడగవచ్చు. ఆ హక్కు ఉందని అక్కడి అధికారులు జాప్యం లేకుండా చెప్పాలి. 2019లో హేగ్ న్యాయస్థానం, పాకిస్తాన్‌లో పట్టుబడిన భారతీయుడు జాధవ్ కేసులో ఈ అధికరణం కిందే పాకిస్తాన్‌ను తప్పుబట్టింది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ ఊళ్ల నుంచి విమానమెక్కే ప్రతి కార్మికుడికీ, వీసా కాగితాలతో పాటు ఈ ఒక్క అధికరణాన్ని తెలుగులో అచ్చువేసి చేతికి ఇవ్వాలి.